కరణంగారి పెట్టె నుంచి ఇంటింటి తెర మీదకు

మా తాతగారు కృష్ణా జిల్లాలో ఒక చిన్న గ్రామానికి కరణంగా పనిచేశారు. ఆయన గదిలో ఒక టేకుచెక్క పెట్టె ఉండేది. దానిలో గుడ్డ మీద అంటించిన గ్రామపటం, పొలాల కొలతలు గీసిన పుస్తకం, అడంగళ్ళు భద్రంగా ఉండేవి. ఆ పటాల వెనుక ఉన్న కొలతలన్నీ గొలుసుతో కొలిచినవి. గొలుసు పొడవు 66 అడుగులు. దానిలో 100 లింకులు. ఇద్దరు రైతుల మధ్య గట్టు తగాదా వచ్చిన రోజున మాత్రమే తాతగారు ఆ పెట్టె తెరిచేవారట. మిగిలిన రోజుల్లో ఆ పటం ఊళ్ళో ఎవరి కంటికీ కనిపించేది కాదు. ఎవరి పొలం ఎక్కడ పల్లమో, ఏ కాలువ ఎవరి గట్టు వెంట పోవాలో ఆ కాగితానికి తెలుసు. కాని ఆ కాగితం ఊరికి తెలియదు. 1984లో రాష్ట్ర ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. పటాలు ప్రభుత్వ కచేరీకి వెళ్ళాయి. పెట్టె మారింది గాని, తాళం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ విషయం నాకు బ్రిస్బేన్‌లో, మా వంటింటి బల్ల మీద కంప్యూటరు తెరలో ఆస్ట్రేలియా ఖండమంతా పరచుకొని కూర్చున్న ఒక రాత్రి గుర్తుకు వచ్చింది. ఈ దేశంలో నేల ఎత్తుపల్లాలు, నదులు, చిరునామాలు, గత నలభై ఏళ్ళలో నీరు నిలిచిన చోట్లు, ఈ పూట అడవి మండుతున్న చోట్లు - ఇవన్నీ ఎవరైనా, పైసా ఖర్చు లేకుండా, ఇంట్లో కూర్చొని చూడవచ్చు. అలా చూడటానికి పౌరసత్వం అక్కర లేదు, దరఖాస్తు అక్కర లేదు.

ఈ వ్యాసం ఉద్దేశాలు రెండు. ఈ తాళం ఎలా తెరుచుకున్నదో చెప్పటం మొదటిది. తెరుచుకున్న పటాన్ని ఎలా చదవాలో చెప్పటం రెండవది. రెండవదే ముఖ్యమైనది. ఎందుకంటే, రసాయన శాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకొని, కొలతలతోనే జీవితం గడుపుతున్న నేను కూడ ఆ పటాన్ని చదవటంలో ఒకసారి పొరపాటు పడ్డాను. ఆ పొరపాటు ఖరీదు దాదాపు ఒక ఇల్లు.

ఒక ఖండాన్ని కొలవటం

ఆస్ట్రేలియా వైశాల్యం సుమారు 76.9 లక్షల చదరపు కిలోమీటర్లు. మన భారతదేశానికి రెండు రెట్లకు పైమాటే. ఇంత నేలకు, ఇంత తక్కువ జనాభాతో, పటాలు తయారు చేయటం సామాన్యమైన పని కాదు. 1942 ఫిబ్రవరి 19న జపాను విమానాలు డార్విన్ నగరం మీద బాంబులు కురిపించిన నాటికి, ఉత్తర ఆస్ట్రేలియాలో చాలా భాగానికి సరైన పటాలే లేవు. యుద్ధం నేర్పిన ఆ పాఠంతో ప్రభుత్వం జాతీయ స్థాయిలో పటాల నిర్మాణాన్ని చేపట్టింది. 1956లో డివిజన్ ఆఫ్ నేషనల్ మ్యాపింగ్ ఏర్పడింది. దానినే ముద్దుగా నాట్‌మ్యాప్ అని పిలిచేవారు. విమానాల నుంచి ఛాయాచిత్రాలు తీసి, ఎడారుల్లో నెలల తరబడి గుడారాల్లో నివసించి కొలతలు తీసుకొని, 1960ల చివరికి దేశమంతటికీ 1:2,50,000 ప్రమాణంలో పటాలు సిద్ధం చేశారు. అంటే పటం మీద ఒక సెంటీమీటరు, నేల మీద రెండున్నర కిలోమీటర్లు.

1987లో ఈ బాధ్యత ఆస్‌లిగ్ అనే సంస్థకు చేరింది. 2001లో ఆస్‌లిగ్‌ను భూగర్భ పరిశోధన సంస్థతో కలిపి జియోసైన్స్ ఆస్ట్రేలియాను ఏర్పాటు చేశారు. కాన్‌బెరాలోని ఆ సంస్థే నేటికీ ఈ దేశపు కొలతలకు పెద్ద కరణం అని చెప్పవచ్చు.

కాగితపు పటం కొనుక్కోవటం అప్పట్లో కష్టమేమీ కాదు. కాని పటం కంప్యూటరు అంకెలుగా మారినప్పుడు ఒక కొత్త ప్రశ్న తలెత్తింది. ఆ అంకెలను ఎవరికి, ఎంతకు ఇవ్వాలి? తయారీకి ఎంతో ఖర్చయింది కనుక వాడుకునేవారు ధర చెల్లించాలన్నది ఒక వాదం. పన్నుల రూపంలో ప్రజలు ఒకసారి చెల్లించారు కదా, మళ్ళీ ఎందుకు చెల్లించాలన్నది మరొక వాదం.

ఇక్కడ నా వృత్తి నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను. ప్రయోగశాలలో సీసాడు ఆమ్లం ఉంటే, దానిని ఒకరు వాడిన కొద్దీ మరొకరికి తగ్గుతుంది. కనుక దానికి ధర ఉండటం న్యాయం. కాని గోడ మీద మూలకాల ఆవర్తన పట్టిక వేలాడుతూ ఉంటుంది. దానిని పదిమంది చూసినా, పదివేలమంది చూసినా అరిగిపోదు. పైగా ఎంతమంది చూస్తే అంత విద్య పెరుగుతుంది. అంకెలుగా మారిన పటం ఆమ్లం సీసా వంటిది కాదు, ఆవర్తన పట్టిక వంటిది.

2001లో ఆస్ట్రేలియా సమాఖ్య ప్రభుత్వం సరిగ్గా ఈ దారినే ఎంచుకున్నది. మౌలికమైన భౌగోళిక సమాచారాన్ని ఇంటర్నెట్ ద్వారా ఉచితంగానూ, లేదా నకలు పంపటానికయ్యే ఖర్చుకు మించకుండానూ ఇవ్వాలని విధానం ప్రకటించింది. ఆ తర్వాత క్రియేటివ్ కామన్స్ అనే ఉదారమైన లైసెన్సు వచ్చింది. మూలాన్ని పేర్కొంటే చాలు. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికి కూడ ఉపయోగించుకోవచ్చు. 2014లో అనేక ప్రభుత్వ శాఖల పటాలను ఒకే చోట చూపే నేషనల్ మ్యాప్ ప్రారంభమయింది. 2016 ఫిబ్రవరిలో, అంతవరకు డబ్బు పెట్టి కొనవలసి వచ్చిన జాతీయ చిరునామాల పట్టికను, అంటే దేశంలోని ప్రతి చిరునామాకూ అక్షాంశ రేఖాంశాలు చూపే జాబితాను, అందరికీ తెరిచారు. ఇటీవల డిజిటల్ అట్లాస్ ఆఫ్ ఆస్ట్రేలియా కూడ ఈ వరుసలో చేరింది.

ప్రపంచంలో దీనికి సాటి వచ్చే గొప్ప మలుపు 2008లో సంభవించింది. 1972 నుంచి భూమిని చిత్రిస్తున్న లాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలన్నిటినీ అమెరికా ఉచితం చేసింది. అంతకు ముందు ఒక్కొక్క చిత్రానికి వందల డాలర్లు, ఒక దశలో వేల డాలర్లు పలికేది. ధర ఉన్న రోజుల్లో, 2001లో, రోజుకు సగటున 53 చిత్రాలు మాత్రమే అమ్ముడయ్యేవి. ధర తీసివేసిన కొద్ది కాలానికే రోజుకు వేల చిత్రాలు ప్రపంచమంతటా వినియోగంలోకి వచ్చాయి. చిత్రాలు అవే, ఉపగ్రహాలు అవే. మారినది తాళం ఒక్కటే.

నీటిని ఉపగ్రహం ఎలా గుర్తుపడుతుంది?

1979 నుంచి ఆలిస్ స్ప్రింగ్స్‌లో లాండ్‌శాట్ చిత్రాలను అందుకునే కేంద్రం పనిచేస్తున్నది. అక్కడ దశాబ్దాలుగా పోగుపడిన టేపులను, 2010-11 వేసవిలో క్వీన్స్‌లాండ్‌ను వరదలు ముంచెత్తిన తర్వాత, ఒక కొత్త పనికి వాడారు. దేశంలో ఏ చోట ఎప్పుడెప్పుడు నీరు నిలిచిందో ఆ పాత చిత్రాల్లోనే వెదికారు. 1986 నుంచి నేటి వరకు ఆ లెక్కను డిజిటల్ ఎర్త్ ఆస్ట్రేలియా అనే కార్యక్రమం కింద జియోసైన్స్ ఆస్ట్రేలియా ప్రచురిస్తున్నది. ఇన్ని చిత్రాలను మనుషులు కూర్చొని చూడలేరు. కాన్‌బెరాలోని సూపర్ కంప్యూటరు ఆ పని చేస్తుంది.

అయితే అది నీరని కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? ఇక్కడ రసాయన శాస్త్రం ప్రవేశిస్తుంది.

ప్రతి పదార్థమూ తన మీద పడిన కాంతిలో కొన్ని తరంగాలను మింగి, కొన్నిటిని తిరిగి పంపుతుంది. ఏ తరంగాన్ని ఎంత మింగినదీ కొలిస్తే అది ఏ పదార్థమో చెప్పవచ్చు. ప్రయోగశాలలో మేము స్పెక్ట్రోఫోటోమీటరుతో చేసే పని ఇదే. పచ్చని ఆకులో ఉన్న పత్రహరితం నీలం, ఎరుపు కాంతులను మింగివేస్తుంది; ఆకుపచ్చను కొంత వదులుతుంది. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం ఆకు చాలా వరకు వెనుకకు పంపుతుంది. అందుకే ఉపగ్రహం కంటికి అడవి పరారుణంలో ధగధగ మెరుస్తుంది.

నీటి సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. నీటి అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్‌ల మధ్య బంధాలు స్ప్రింగుల వలె నిరంతరం కంపిస్తుంటాయి. ఆ కంపనాలకు సరిపడే పరారుణ తరంగాలను నీరు ఆబగా తాగివేస్తుంది. 1.45, 1.94 మైక్రోమీటర్ల వద్ద ఈ శోషణ ప్రబలంగా ఉంటుంది. లాండ్‌శాట్ ఉపగ్రహంలో 1.6, 2.2 మైక్రోమీటర్ల ప్రాంతంలో కొలిచే సాధనాలున్నాయి. ఆ కొలతల్లో నీరున్న చోటు నల్లగా, ఎండిన నేల తెల్లగా కనిపిస్తుంది. బురదనీరు మన కంటికి మట్టిలాగే కనిపించవచ్చు గాని, పరారుణంలో దాని గుట్టు దాగదు. పిల్లలు పాఠశాలలో గీసే నీటి అణువు బొమ్మ, 700 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న యంత్రానికి వరదను పట్టి ఇస్తున్నదన్న మాట!

ఈ విధంగా ప్రతి చిత్రంలో ప్రతి గడినీ పరీక్షించి, మబ్బులు లేకుండా స్పష్టంగా కనిపించిన సందర్భాలు ఎన్ని, వాటిలో నీరు కనిపించిన సందర్భాలు ఎన్ని అని లెక్కిస్తారు. ఒక చోటు 400 సార్లు స్పష్టంగా కనిపించి, వాటిలో 8 సార్లు నీరు ఉన్నదనుకుందాం. అక్కడ నీటి శాతం 2. మడుగులకు ఈ శాతం ఎక్కువగా, వరద మైదానాలకు తక్కువగా, మెట్టకు సున్నాగా ఉంటుంది.

సున్నా చెప్పిన అబద్ధం

2021లో మేము బ్రిస్బేన్‌లో ఒక ఇల్లు కొనాలని తిరుగుతున్నాము. ఒక ఇల్లు అందరికీ నచ్చింది. పెరడు వెనుక చెట్లు, ఆ వెనుక సన్నని వాగు. పిల్లలకు బడి దగ్గర. ఇల్లు చూపించిన ఏజెంటు, "2011 వరదలో ఇక్కడికి నది నీరు రాలేదు," అన్నాడు. నేను సహజంగానే ఆ మాట నమ్మకుండా, ఆ రాత్రి నీటి పటం తెరిచి చూశాను. ఆ వీధి మీద ఒక్క నీటి చుక్క లేదు. ముప్ఫై అయిదేళ్ళ ఉపగ్రహ చిత్రాల్లో సున్నా శాతం! "శాస్త్రీయంగా రుజువయింది," అని మా ఆవిడతో ధీమాగా చెప్పాను.

ఆవిడ శాస్త్రజ్ఞురాలు కాదు. మరునాడు ఆ వీధిలో మొక్కలకు నీళ్ళు పోసుకుంటున్న ఒక వృద్ధురాలిని పలకరించి, "వానాకాలంలో ఇక్కడ ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఆమె నవ్వి, "నది ఎప్పుడూ రాదమ్మా. వాగే వస్తుంది. గట్టి వాన కురిసిన రాత్రి వెనుక కంచె దాటుతుంది. తెల్లవారేసరికి మళ్ళీ వెళ్ళిపోతుంది," అని చెప్పిందట.

ఆ ఒక్క మాటతో నా శాస్త్రం తల దించుకున్నది. లాండ్‌శాట్ ఒక చోటు మీదుగా 16 రోజులకు ఒకసారి, ఉదయం పది గంటల ప్రాంతంలో వెళుతుంది. రెండు ఉపగ్రహాలు పనిచేస్తుంటే ఎనిమిది రోజులకు ఒకసారి. రాత్రి వచ్చి తెల్లవారేసరికి పోయే నీరు దాని కంట పడదు. భారీ వర్షం కురిసే రోజున మబ్బులుంటాయి కనుక చిత్రంలో నేలే కనిపించదు. చెట్ల నీడన పారే నీటిని పైనున్న కొమ్మలు కప్పివేస్తాయి. అన్నిటికీ మించి, దాని ఒక్కొక్క గడి 30 మీటర్ల చదరం. అంటే 900 చదరపు మీటర్లు, మన లెక్కలో 1,076 చదరపు గజాలు. మేము చూసిన స్థలం అందులో సగం కూడ లేదు!

ప్రయోగశాలలో నా వద్ద పనిచేసే విద్యార్థి ఎవరైనా, "ఈ నీటిలో సీసం లేదు," అని రాసుకొస్తే నేను ఊరుకోను. "లేదు అనటానికి నీకు అధికారం లేదు. కనిపించలేదు అని రాయి. ఎంతకన్న తక్కువ ఉంటే నీ సాధనానికి కనిపించదో అది కూడ రాయి," అంటాను. కనిపించకపోవటం వేరు, లేకపోవటం వేరు. ఇరవై ఏళ్ళుగా ఇతరులకు చెబుతున్న ఈ పాఠాన్ని, నా సొంత ఇంటి విషయం వచ్చేసరికి నేనే మరచిపోయాను. ఉపగ్రహం అబద్ధం చెప్పలేదు. ఏజెంటు కూడ అబద్ధం చెప్పలేదు. తప్పు ప్రశ్న అడిగినది నేను.

ఆ తర్వాత సరైన పటాల కోసం వెదికాను. బ్రిస్బేన్ నగరపాలక సంస్థ ప్రతి స్థలానికీ వరద ప్రమాదాన్ని చూపే పటాన్ని ఉచితంగా అందిస్తున్నది. దానిలో నది వరద, వాగు వరద, వీధుల వెంట పారే వాన నీరు వేర్వేరుగా ఉంటాయి. నది వరద పటంలో ఆ ఇల్లు క్షేమం. వాగు వరద పటంలో కాదు. ఎల్విస్ అనే జాతీయ వేదికలో నేల ఎత్తులు కూడ చూశాను. విమానం నుంచి లేజరు కాంతిని నేల మీదకు పంపి, అది తిరిగి రావటానికి పట్టిన కాలాన్ని బట్టి ఎత్తు కొలుస్తారు. కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కనుక ఆ గడియారం ఎంత సునిశితంగా ఉండాలో ఊహించుకోండి. ఆ కొలతలను బట్టి ఆ పెరడు, వాగు గట్టు దాదాపు ఒకే మట్టంలో ఉన్నాయి. మేము ఆ ఇల్లు కొనలేదు.

2022 ఫిబ్రవరి చివరి వారంలో బ్రిస్బేన్ మీద మూడు రోజుల్లోనే 600 మిల్లీమీటర్లకు మించిన వర్షం కురిసింది. ఫిబ్రవరి 28న నగరం వద్ద నది 3.85 మీటర్ల ఎత్తుకు చేరింది. ఇది 2011 నాటి 4.46 మీటర్ల కన్నా, 1974 నాటి 5.45 మీటర్ల కన్నా తక్కువే. అయినా నగరంలోని వాగులు పొంగి, 2011లో తడవని ఇళ్ళు కూడ ఎన్నో మునిగాయి. మేము చూసిన ఆ వీధిలోకి కూడ నీరు వచ్చింది. ఆ వృద్ధురాలి ఇల్లు కొంచెం మెరక మీద ఉండటం వల్ల తప్పించుకున్నదని తెలిసి మా మనస్సు కుదుటపడింది. కాని మేము వదులుకున్న ఇంట్లో అప్పటికి మరొక కుటుంబం ఉంటున్నది. వారిని తలచుకుంటే నేటికీ సంతోషించలేను. నేను చూసిన పటం వారికి కూడ ఉచితంగానే అందుబాటులో ఉన్నది. దాని దారి వారికి చెప్పినవారు లేరు, అంతే.

పటాన్ని అడగవలసిన మూడు ప్రశ్నలు

ఈ అనుభవంతో నేను నేర్చుకున్న పద్ధతి ఒకటి పాఠకుల ముందుంచుతున్నాను. ఏ పటం తెరిచినా మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది, ఎప్పుడు కొలిచారు? నేల మారుతూ ఉంటుంది. లేజరు కొలత తర్వాత కొత్త కాలనీ వెలిస్తే, మట్టి పోసి మెరక చేస్తే, ఆ నీరు పక్కవారి వైపు తిరుగుతుంది. పటం మీద తేదీ లేకపోతే అది ముహూర్తం లేని శుభలేఖ వంటిది.

రెండవది, గడి ఎంత? 30 మీటర్ల గడితో జిల్లా స్థితి తెలుస్తుంది. ఇంటి స్థితి తెలియదు. అడవి మంటల్లో కూడ ఇదే సమస్య. 2019-20 నాటి భయంకరమైన వేసవిలో మనలో చాలామంది హాట్‌స్పాట్స్ అనే ప్రభుత్వ పటాన్ని గంటగంటకూ చూస్తూ గడిపాము. ఉపగ్రహాలు నేల నుంచి వెలువడే వేడిని పసిగట్టి మంటలున్న చోట చుక్కలు పెడతాయి. కాని ఆ సాధనాల గడులు వందల మీటర్ల నుంచి కిలోమీటరు, అంతకు పైబడి ఉంటాయి. చుక్క ఉన్నచోటే మంట ఉండాలని లేదు. దట్టమైన పొగ, మబ్బుల కింద మంట ఉన్నా చుక్క పడకపోవచ్చు. ప్రాణరక్షణ నిర్ణయాలకు దానిపై ఆధారపడవద్దని ఆ పటాన్ని ప్రచురించేవారే స్పష్టంగా హెచ్చరిస్తారు. ఇల్లు విడిచి వెళ్ళాలా వద్దా అన్నది రాష్ట్ర అగ్నిమాపక శాఖ హెచ్చరికను బట్టే నిర్ణయించుకోవాలి.

మూడవది, దేని నుంచి కొలిచారు? ఎత్తుకు ఒక సున్నా కావాలి. ఆస్ట్రేలియాలో 1966 నుంచి 1968 వరకు తీరం చుట్టూ 30 చోట్ల సముద్ర మట్టాన్ని కొలిచి, 1971లో ఆ సున్నాను నిర్ణయించారు. బ్రిస్బేన్ నది 4.46 మీటర్లు అన్నా, మీ పెరడు 6 మీటర్లు అన్నా అదే సున్నా నుంచి. అయితే నది ఉపరితలం కూడ వాలుగా ఉంటుంది. నగరం వద్ద 4.46 ఉన్న రోజున ఎగువ పేటల్లో అంతకన్న చాలా ఎక్కువ. నగరం అంకెతో మీ పెరటి అంకెను పోల్చి నిశ్చింతగా నిద్రపోకూడదు.

అక్షాంశ రేఖాంశాలకు కూడ ఒక మూలం కావాలి. ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. ఆస్ట్రేలియా ఖండం ఏటా సుమారు 7 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్య దిశగా జరుగుతున్నది. మన గోళ్ళు పెరిగే వేగం కన్న ఇది ఎక్కువ. 1994లో స్థిరపరచిన అక్షాంశ రేఖాంశాలు 2020 నాటికి దాదాపు 1.8 మీటర్లు తప్పాయి. అందుకే జీడీఏ 2020 అనే కొత్త మూలాన్ని స్వీకరించారు. తాతగారి గొలుసు కొలతల కాలంలో నేల కదులుతుందని ఎవరూ లెక్క వేయలేదు. ఈనాడు తనంతట తాను నడిచే ట్రాక్టరుకు ఆ 1.8 మీటర్లు మొక్కల వరుసకూ, కాలువకూ మధ్య ఉన్న తేడా.

మన నేల సంగతి

ఇక్కడ ఇంత చూసిన తర్వాత మనస్సు సహజంగా మన ఊళ్ళ వైపు మళ్ళుతుంది. పటాల విద్యలో మనది వెనుకబడిన దేశం కాదు. సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఏర్పడింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు వద్ద ప్రారంభించిన మహా త్రికోణమితీయ సర్వే ప్రపంచ ప్రసిద్ధి చెందింది. కాని ఆ పటాలు చిరకాలం తాళం వెనుకనే ఉన్నాయి. తీరప్రాంతాల, సరిహద్దుల పటాలు సామాన్యుడికి దొరికేవి కావు. దేశరక్షణ దీనికి కారణం. ఆ భయం నిరాధారమైనదని కూడ అనలేము. కాని దాని వెల సామాన్యులు చెల్లించారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలమంది ప్రాణాలు పోయాయి. మా ఇంట్లో పెద్దలు ఆ రాత్రిని తలచుకొని ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. తమ ఊరు సముద్రం కన్న ఎంత ఎత్తున ఉన్నదో, నీరు ఎంత దూరం రాగలదో వారికి చూపిన పటం లేదు. పటం ఒక్కటే వారిని రక్షించేదని నేను అనను. హెచ్చరిక, రహదారి, గట్టి కప్పు కూడ కావాలి. కాని ఆ మూడింటినీ ఎక్కడ ఉంచాలో చెప్పేది పటమే.

తర్వాత మార్పు వచ్చింది. 2005 నాటి జాతీయ పట విధానం ప్రజల పటాలను, రక్షణ పటాలను వేరు చేసింది. 2009లో హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఆధారంగా ఇస్రో భువన్ అనే వేదికను ప్రారంభించింది. 2017లో సర్వే ఆఫ్ ఇండియా తన పటాలను ఇంటర్నెట్ ద్వారా పౌరులకు ఉచితంగా ఇవ్వటం మొదలుపెట్టింది. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం పటాల తయారీ మీద ఉన్న అనుమతుల నిబంధనలను చాలా వరకు తొలగించింది. ఆంధ్రప్రదేశ్‌లో మీ భూమి, తెలంగాణలో ధరణి, దాని స్థానంలో 2025లో వచ్చిన భూభారతి - ఇవన్నీ కరణంగారి పెట్టె మూత తెరిచే ప్రయత్నాలే. ఊరికి దూరంగా ఉన్న మనబోటి వారికి ఇవి ఎంతో ఉపకరిస్తాయి. అయితే తెర మీద పేరు కనిపించినంత మాత్రాన హక్కు రుజువు కాదు, కనిపించనంత మాత్రాన పోదు. సున్నా నేర్పిన పాఠం ఇక్కడ కూడ వర్తిస్తుంది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడలో జరిగినది గుర్తు చేసుకోండి. కృష్ణ పొంగుతున్నదని అందరూ ప్రకాశం బరాజు వైపు చూస్తుండగా, ఊరి వెనుక నుంచి బుడమేరు వచ్చి సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచివేసింది. బ్రిస్బేన్ వృద్ధురాలు చెప్పిన మాటే అది. నది రాదు, వాగే వస్తుంది. మబ్బులను చీల్చుకొని చూడగల రాడార్ ఉపగ్రహాలు మనకు ఇప్పుడు ఉన్నాయి. వాటి సహాయంతో ముంపు పటాలు తయారవుతున్నాయి. కాని ఆ పటం ముంపు తర్వాత గాక, ఇంటి స్థలం కొనే ముందు ప్రతి కుటుంబం చేతిలో ఉండాలి.

చివరగా ఒక మనవి. ఈ సెలవుల్లో మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని మీ ఇంటి ఎత్తు ఎంతో, దగ్గరి వాగు ఎక్కడ ఉన్నదో, వాన నీరు మీ వీధి నుంచి ఎటు పోతుందో పటంలో వెదకండి. తర్వాత వానలో గొడుగు వేసుకొని బయటకు వెళ్ళి, పటం చెప్పినట్లే నీరు పోతున్నదో లేదో చూడండి. భిన్నంగా ఉంటే మరీ మంచిది. శాస్త్రం మొదలయ్యేది అక్కడే. ఆ దారిలో మొక్కలకు నీళ్ళు పోస్తున్న వృద్ధులెవరైనా కనిపిస్తే తప్పక పలకరించండి. మీ తర్వాత ఆ వీధిలో ఇల్లు కొనటానికి వచ్చినవారికి కూడ, మీరు చూసిన పటం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

తాతగారి పెట్టె ఇప్పటికీ మా ఊరి ఇంట్లో ఉన్నది. దానికి తాళం లేదు. లోపల మా అమ్మ కొత్త బట్టలు దాచుకుంటున్నది.